అంతయు నెఱిగితిమను భ్రమ

నిండుకుండ తొణకదని మన పెద్దలందురు. వెలితికుండ తొణుకు ఒక యింటిలో నున్నంతవఱకు హాని స్వల్పము. వోటువేయు జనులందఱికి నా గుణమబ్బినచో దేశమునకే చేటు వాటిల్లును. ఇందులకు జర్మనీ చరిత్రము గొప్ప నిదర్శనము.

1918 సెప్టెంబరు 29వ తేదీన జర్మను సేనానియగు లూడెండార్ఫు, ఇక గెలుపు కల్లయని గ్రహించి, వెంటనే యుద్ధవిరామము కోరవలయునని ప్రభుత్వమును తొందరపెట్టెను. కాని నవంబరు 11వ తేదీన ఆ పత్రముపై జర్మనీ పక్షమున ముందుగా చేవ్రాలు చేసినవాడు సేనాని గాడు. ఎర్జ్‌బెర్గరను రాజకీయ నాయకుడు. శత్రుసేనలు జర్మనీ నడిబొడ్డునకు రాలేదు. ఓటమి సమీపించెనని ప్రజలకెవరును ముందుగా దెలుపలేదు. కావున “మన సైన్యమోడలేదు, ఇంటిలోని ద్రోహులే వెన్నుపోటు పొడిచిరి” అను మాట వారికి సులభముగా నచ్చెను. 1919లో సేనాధిపతి హిండెన్‌బర్గు విచారణసంఘము నెదుట నా మాటనే పలికెను. 1921లో ఎర్జ్‌బెర్గరు హత్యచేయబడెను.

నింద యూదులపై మిక్కుటముగా బడెను. ఆ యుద్ధమున దాదాపు లక్షమంది యూదులు జర్మను సేనలో బనిచేసిరి. సుమారు 12,000 మంది ప్రాణములర్పించిరి. రహస్యము తమకు దెలిసినదని నమ్మినవారికి ఈ లెక్కతో బనిలేకపోయెను. ఈ కల్పనను చాటిన నాజీ పక్షమునకు 1928 ఎన్నికలలో నూటికి 2.6 వోట్లు వచ్చెను. నిరుద్యోగము పెచ్చుపెరిగిన పిమ్మట, 1932 జూలైలో, 37.3 వచ్చెను. తరువాత సుమారు అఱువది లక్షల యూదులు వధింపబడిరి.

ఈ రోగమునకు మందు లేకపోలేదు. 2013లో అమెరికాయందు కొందఱు మనస్తత్వశాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను బ్రకటించిరి. తామాదరించు రాజకీయ విధానమెట్లు పనిచేయునో మెట్టుమెట్టుగా వివరింపుడని వారు జనులనడిగిరి. వివరింపబూనినవారు తమకు దెలిసినది కొంచెమేయని గ్రహించి, తమ పట్టును కొంత సడలించిరి. ఎందులకాదరింతురో కారణములు మాత్రమే చెప్పుడని యడిగినప్పుడు ఆ మార్పు కానరాలేదు. ఏలయన, కారణములు నోటికి సులభముగా వచ్చును. “ఎట్లు” అను ప్రశ్నయే మన వెలితిని మనకు జూపును.

విద్యార్థులారా, పదునెనిమిదవ యేట మీకును వోటుహక్కు వచ్చును. ఒక జాతివారు, ఒక మతమువారు రహస్యముగా కుట్ర పన్నిరని యెవరైన జెప్పినప్పుడు, ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి, సాక్ష్యమేమి యని యడుగుడు. పొరుగువానిపై నబద్ధసాక్ష్యము పలుకరాదను దైవాజ్ఞ, అబద్ధమును బుట్టించినవానికే గాక, విచారింపక మోసికొనిపోవువానికిని వర్తించునని మేము తలంచుచున్నాము.