మంద్రానికి పుట్టిన గిటార్

జముకుల కథను దగ్గర కూర్చుని విన్నవాళ్ళకు జముకు ఎలా పలుకుతుందో చెప్పనక్కర్లేదు. ఒక పక్క చర్మం మూసిన చిన్న డొల్ల. ఆ చర్మం మధ్యలోంచి ఒక తీగ బయల్దేరి, వాయించేవాడి చేతిలోని పుల్లకు చేరుతుంది. పుల్లను లాగిపట్టి మీటితే స్వరం పైకి లేస్తుంది, కాస్త వదిలితే కిందికి జారుతుంది. కథకుడి గొంతుకు అడుగున నడుస్తూ లయనూ శృతినీ ఒకే దెబ్బతో అందించడం దాని పని. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, సోంపేటల్లో సంగీతం మీద మోజున్న కుర్రకారు ఇప్పుడు బేస్ గిటార్ల గురించి ఆరా తీస్తున్నారు. పనిని బట్టి చూస్తే జముకుకూ బేస్ గిటారుకూ దగ్గరి చుట్టరికమే. నిర్మాణంలో మాత్రం బేస్ గిటార్ అచ్చంగా ఇరవయ్యో శతాబ్దపు యంత్రం. అందులోని ప్రతి భాగం మంద్రస్వరం తెచ్చిపెట్టిన ఏదో ఒక చిక్కుకు పరిష్కారంగా పుట్టింది. ఆ చిక్కులు తెలిస్తే ఏది కొనాలో, కొన్నాక ఎలా సరిచేసుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

తీగ స్వరాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: పొడవు, బిగువు, బరువు. పొడవు రెట్టింపు చేస్తే స్వరం ఒక స్థాయి దిగుతుంది. బిగువును నాలుగో వంతుకు తగ్గించినా, బరువును నాలుగు రెట్లు చేసినా అంతే దిగుతుంది. జముకు వాయించేవాడు బిగువును గుప్పిట్లో పెట్టుకుని ఆడిస్తాడు. వీణలో మెట్టు మీద వేలు నొక్కి పొడవు మారుస్తారు. మామూలు గిటారులో అన్నిటికన్నా కిందిస్వరం పలికే తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారులో ఆ తీగ 41 సార్లే కంపించాలి. పొడవుతోనే పని కానిద్దామంటే గిటారు తీగ 65 సెంటీమీటర్లు కాస్తా 130 అవుతుంది, వేళ్ళకు మెట్లు అందవు. బిగువు తగ్గిస్తే తీగ వేలాడిపోయి మెట్లకు కొట్టుకుంటుంది. ఇక మిగిలింది బరువు. లావుపాటి ఉక్కు తీగ బిగిస్తే బరువుతో పాటు బిరుసు కూడా వస్తుంది. అసలు స్వరంతో పాటు పలికే అనుస్వరాలు బిరుసు తీగలో తమ చోటు తప్పి పైకి జరుగుతాయి, నాదం అపశృతిగా వినిపిస్తుంది.

దీనికి దొరికిన ఉపాయం చుట్టు తీగ. సన్నటి ఉక్కు తీగ మీద మరో తీగను సందు లేకుండా చుడతారు. పైచుట్టు బరువునిస్తుంది, లోపలి సన్నతీగ వంగే గుణాన్ని నిలుపుతుంది. నేటి బేస్ గిటారులో కింది తీగ మందం సుమారు 2.6 మిల్లీమీటర్లు. నాలుగు తీగలూ కలిసి గిటారు మెడను, అంటే నెక్‌ను రాత్రింబవళ్ళు 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఈ అంకె గుర్తుంచుకోండి, మన ఉద్దానం తీరపు గాలి దగ్గరికొచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

తీగ కంపించినంత మాత్రాన వినపడదు. సెకనుకు 41 కంపనాల ధ్వని గాలిలో వేసే ఒక్కో అల ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. అంత అలను చిన్న చెక్కపెట్టె నెట్టలేదు. పైగా మన చెవి మంద్రానికి మందం. సెకనుకు 1000 కంపనాల ధ్వని చెవికి లీలగా సోకడానికి ఎంత శక్తి కావాలో, 40 కంపనాల ధ్వని అంతే లీలగా సోకడానికి దానికి సుమారు 70 వేల రెట్లు కావాలి. పాశ్చాత్య సంగీతంలో ఈ పని కోసం మనిషెత్తు డబుల్ బేస్ ఉండేది. బాకాల మధ్య దాని గొంతు మునిగిపోయేది. ఊరూరా మోసుకు తిరగడం మరో అవస్థ.

సియాటిల్‌లో సంగీతం నేర్పే పాల్ టట్‌మార్క్ 1930లలోనే ఆడియోవాక్స్ 736 అనే విద్యుత్ బేస్ తయారుచేశాడు. గిటారులా పట్టుకుని వాయించవచ్చు, మెట్లున్నాయి, తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ ఉంది. అయినా అది కొద్దిమంది చేతుల్లోనే ఉండి మరుగునపడింది. యంత్రాల చరిత్రలో ఇది తరచు జరిగేదే: మొదట చేసినవాడికి పేరు రాదు, అందరికీ చేరవేసినవాడికి వస్తుంది. చేరవేసినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్. 1909లో పుట్టిన ఈయనకు గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్ళు చెప్పే బాధలు వినడం బాగా వచ్చు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్‌ను 199.50 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు.

దాని తీగ పొడవు 34 అంగుళాలు, అంటే దాదాపు 86 సెంటీమీటర్లు. వేళ్ళకు అందేంత దగ్గర, తీగ బిగువు చెడనంత దూరం. డెబ్బయ్యేళ్ళ తర్వాత కూడా ఎక్కువ బేస్ గిటార్లకు ఇదే కొలత. డబుల్ బేస్‌కు మెట్లుండవు గనుక స్వరం సరిగ్గా పడాలంటే ఏళ్ళ సాధన కావాలి, ఇక్కడ మెట్లే ఆ పని చేసిపెడతాయి. అన్నిటికన్నా నాకు నచ్చేది నెక్ బిగించిన తీరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు, మన ఉద్దానం తోటల్లో కాసే పనసే. ఫెండర్ దారి అందుకు పూర్తిగా ఎదురు. శరీరం ఒక చెక్క, నెక్ మరో చెక్క, మధ్య నాలుగు మరలు. నెక్ పాడైతే నెక్ మార్చు, పికప్ పాడైతే పికప్ మార్చు. వీణ ఒక శిల్పం, ఇది ఎవరైనా విప్పి బిగించగల యంత్రం. ఈ గుణం వల్లే అది పెద్ద నగరాలకు దూరంగా ఉండే ఊళ్ళలో కూడా బతకగలదు. శరీరం డొల్ల కాదు గనుక గాలిని నెట్టే బాధ్యత చెక్క మీద లేదు. అందుకే చెక్క ఏ జాతిదన్న చర్చకు ఔత్సాహికులు ఇచ్చేంత విలువ నేనివ్వను. మంచి వడ్రంగి చేతిలో పడితే పనస చెక్కతోనూ బేస్ శరీరం చేయవచ్చు.

గాలిని నెట్టే పని ఆంప్లిఫయర్‌ది. తీగ కదలికను దానికి అందించేది పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టి, ఉక్కు తీగల కింద పెడతారు. తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. చిక్కేమిటంటే, రాగి చుట్టకు తీగ కదలికా గోడలోని కరెంటూ ఒకటే. మన కరెంటు సెకనుకు 50 సార్లు కంపిస్తుంది. ఆ హోరును చుట్ట ఏరుకుని స్పీకరుకు పంపుతుంది. బేస్ కింది తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరం 49 కంపనాలు. దాని పక్కనే 50 కంపనాల హోరు నిలబడి పాట పొడుగునా గీరుతుంది. అమెరికాలో కరెంటు 60 కంపనాలది, ఇంత దగ్గరగా వచ్చి గుచ్చుకోదు.

ఫెండర్ 1957లో ప్రెసిషన్ పికప్‌ను రెండు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క రెండేసి తీగలకు. ఒకదానిలో అయస్కాంతాన్ని తలకిందులు చేసి, రాగిని ఎదురు దిశలో చుట్టించాడు. తీగల ధ్వని రెండింటిలోనూ ఒకే దిశలో వస్తుంది, హోరు మాత్రం ఎదురెదురై కొట్టుకుపోతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు పికప్‌లుంటాయి, నెక్ సన్నం, స్వరం పదును. రెండు వాల్యూములూ సమానంగా పెడితే హోరు రాదు, ఒకటి తగ్గిస్తే వస్తుంది. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే సంకేతాన్ని పెంచే, బ్యాటరీతో నడిచే ప్రీఆంప్‌ను లోపలే పెట్టుకుని వచ్చింది. దుకాణాల్లో ఈనాడు కనిపించే రకాల్లో చాలా భాగం ఈ మూడింటి పిల్లలే.

యంత్రానికి గొంతు ఇచ్చింది వాయించినవాళ్ళు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్‌ను ఒక్క చూపుడు వేలితో వాయించేవాడు, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. మన చెవులకు ఈ వాయిద్యాన్ని అలవాటు చేసింది ఇళయరాజా. ఆయన పాటల్లో బేస్ పల్లవిని మోయడంతో ఆగదు, తానొక రెండో పాట పాడుతుంది. ఆయన బృందంలో శశిధరన్ ఏళ్ళ తరబడి వాయించారు. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలను మంచి హెడ్‌ఫోన్‌లో, గొంతును పక్కనపెట్టి అడుగు తీగను మాత్రమే వెంబడిస్తూ ఒకసారి వినండి.

కానీ ఆ పాటలను మనలో చాలామంది విన్నది టీ కొట్టు టేపురికార్డర్లలో, బస్సు స్పీకర్లలో. అరచేతి స్పీకరు 55 కంపనాలను పలకలేదు. అయినా బేస్ వినిపించింది. తీగ 55తో పాటు 110, 165, 220 కంపనాల అనుస్వరాలనూ పలుకుతుంది. చిన్న స్పీకరు పైవాటినే అందిస్తుంది. వాటి మధ్య ఎడం 55 అని మెదడు గ్రహించి, లేని అడుగుస్వరాన్ని తానే పూరిస్తుంది. మంద్రాన్ని సగం మనమే తయారు చేసుకుంటున్నాం. గైరమ్మ పండుగ సంబరాల డీజే బాక్సుల ముందు నిలబడ్డప్పుడు మాత్రం మెదడుకు ఆ శ్రమ ఉండదు, రొమ్మే చెబుతుంది.

ఇక కొనుగోలు. వరసగా నాలుగైదు వాయించి చూసి కొనాలంటే మనకు విశాఖపట్నమే దిక్కు, పలాస నుంచి రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. ఆ ప్రయాణం దండగ కాదని నా అభిప్రాయం. బేస్ గిటార్ బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, రెండు గంటలు భుజాన వేసుకోవాల్సిన వస్తువును ఫోన్ తెర మీద చూసి ఎంచడం కష్టం. నిలబడి వాయించండి. చేయి వదిలితే గిటారు తల నేల వైపు వాలుతుందేమో చూడండి. ప్రతి మెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి, ఎక్కడైనా తీగ చిరచిరలాడుతుందేమో వినండి. నెక్‌ను తుపాకీ గురి చూసినట్టు ఒక కొన నుంచి చూస్తే మెలిక ఉంటే తెలుస్తుంది. వంపు సరిచేయవచ్చు, మెలికను సరిచేయడం దాదాపు అసాధ్యం. పోల్చేటప్పుడు అన్నిటినీ ఒకే ఆంప్‌కు పెట్టి, ఒకే పాటను, ఒకే వాల్యూములో వాయించాలి. కొంచెం గట్టిగా మోగింది ఎప్పుడూ మెరుగ్గా వినిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువులోపే ఈ పరీక్షలన్నీ పూర్తిచేయండి.

ఎంత ఖరీదైనదైనా పెట్టెలోంచి తీయగానే వాయించడానికి సిద్ధంగా ఉండదు. ఎక్కడో పొడి గోదాములో ఉన్న చెక్క మన తీరానికొచ్చి తేమ తాగుతుంది, అడ్డంగా ఉబ్బుతుంది, 70, 80 కిలోల లాగుడు కింద కాస్త కదులుతుంది. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉండేది ఇందుకే. పని వరస ముఖ్యం. ముందు కొత్త తీగలు వేసి శృతి చేయాలి. తర్వాత తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకేసారి నొక్కి, ఏడెనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడాలి. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే బాగు. సందు ఎక్కువైతే అలెన్ కీతో రాడ్‌ను బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి, ఒక్కసారికి పావు చుట్టు దాటకూడదు. ఆ తర్వాతే బ్రిడ్జి మీద తీగలను మోసే శాడిళ్ళ ఎత్తు సరిచేయాలి, పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండేలా. అన్నిటికన్నా చివర స్వరశుద్ధి. పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు మీటిన స్వరమూ, నొక్కి మీటిన స్వరమూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కినది పైన ఉంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి, కింద ఉంటే ముందుకు. వేలు నొక్కినప్పుడు తీగ సాగి బిగుస్తుంది గనుక ఈ సవరణ కావలసి వస్తుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి సెటప్ అనే ఈ పనంతా చూసుకుంటే చాలు.

తేమ కన్నా తీగలకు పెద్ద శత్రువు ఉప్పు. నౌపడలో ఉప్పు పండించే గాలే మన ఇళ్ళలోకీ వస్తుంది. చుట్టు తీగ గాడుల్లో చెమటా ఉప్పూ చేరి, కొన్ని వారాలకే మెరుపు చచ్చి, తుప్పు మొదలవుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవాలి. వాల్యూము తిప్పితే కరకరలాడుతుంటే లోపల పొర పట్టిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. చదునైన పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలకు గాడులు తక్కువ, చాలా రకాలు స్టెయిన్‌లెస్ స్టీలువి, మన గాలికి ఎక్కువ కాలం ఓర్చుకుంటాయి. స్వరం కాస్త మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది, పాత పాటలకు అదే అందం.

మొదటిసారి కొనేవాళ్ళకు నా తీర్పు సూటిగా చెబుతాను. బ్యాటరీ లేనిది, రెండు ముక్కల ప్రెసిషన్ పికప్ ఉన్నది, 34 అంగుళాలది, నాలుగు తీగలది తీసుకోండి. వైరింగ్ నమ్మకంగా లేని ఇళ్ళలో, వేదికల్లో హోరు లేకుండా మోగేది అదే. ఐదో తీగ, బ్యాటరీతో నడిచే యాక్టివ్ సర్క్యూట్ తర్వాత చూసుకోవచ్చు. ఉన్న డబ్బంతా గిటారు మీదే పెట్టకండి. మూడో వంతైనా బేస్‌కని చేసిన ఆంప్‌కూ, మంచి తీగలకూ, సెటప్‌కూ మిగల్చండి. చవక గిటారు మంచి సెటప్‌తో పలికినంత బాగా, ఖరీదైనది సెటప్ లేకుండా పలకదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణానికి సంబంధించింది. గిటారు తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. జనరేటరు మీద నడిచే పందిళ్ళలో ఎర్త్ సరిగా లేకపోతే, చేతులు తీగల మీద, పెదవులు మైకు మీద పెట్టినవాడి ఒంట్లోంచి కరెంటు దారి చేసుకోగలదు. వేదిక ఎక్కేముందు మల్టీమీటరును ఏసీ వోల్టు మీద పెట్టి, ఒక కొనను గిటారు తీగకూ మరో కొనను మైకు జాలీకీ ఆనించి చూడండి. చెప్పుకోదగ్గ వోల్టులు కనిపిస్తే, ఎలక్ట్రీషియన్ ఎర్త్ సరిచేసేదాకా తీగను ముట్టకండి.