ప్రాసెస్ సంఖ్యలు

కంప్యూటరునందు నడచుచున్న ప్రతి ప్రోగ్రామునకును, హాజరుపట్టీలో విద్యార్థికి వలె, ఒక సంఖ్య యుండును. దీనిని ప్రాసెస్ సంఖ్య యందురు. సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాము పలు వ్యవస్థలందు నడువవలెనన్నచో నీ సంఖ్యను గూర్చి యెట్లు మెలగవలెనో యిచ్చట వివరింతుము.

యూనిక్సు వంశపు వ్యవస్థలలో దీని రకము ‘పిడ్-టీ’. అది ఋణసంఖ్యలను గూడ ధరించు పూర్ణాంకము. ఇన్ని బిట్లని పోసిక్సు ప్రమాణము విధింపలేదు. విండోసునందన్ననో, ఋణగుర్తు లేని 32 బిట్ల ‘డీవర్డు’. కావున నెల్లెడల ‘ఇంట్’ అని వ్రాయక, ‘టైప్‌డెఫ్’ చేత నొక సొంత పేరు కల్పించి, దాని యర్థమును వ్యవస్థను బట్టి యొక్కచోటనే నిర్ణయింపవలెను. అచ్చొత్తునపుడు రెండును ఇముడునట్టి ‘ఇంట్‌మాక్స్-టీ’కి మార్చుట మేలు.

ఇది వట్టి పట్టింపు కాదు. యూనిక్సులో ‘ఫోర్క్’ విఫలమైనచో -1 వచ్చును. దానిని పరీక్షింపక ‘కిల్’కు అందించినచో, ఆ యాజ్ఞ కొన్ని వ్యవస్థా ప్రాసెస్సులకు దప్ప మన యధికారమున నున్న వానికెల్ల బోవును, దాచుకొనని పని యంతయు నశింపవచ్చును.

మఱియు, ముగిసిన ప్రాసెస్ సంఖ్య వేఱొకదానికి రావచ్చును. యూనిక్సులో తల్లి ప్రాసెస్ ‘వెయిట్‌పిడ్’ చేయువఱకును, విండోసులో ‘హ్యాండిల్’ మూయువఱకును ఆ సంఖ్య యితరులకు బోదు. పిమ్మట పాత సంఖ్యను నమ్ముట, బడి విడిచినవాని సంఖ్య పిలిచి క్రొత్తవానిని దండించుటయే యగును.