దున్నని నేల మీద ఆట

మా ఉమ్మడి నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు. మిర్యాలగూడ వాళ్లకు సముద్రమంటే రైలెక్కి గుంటూరు దాటి బాపట్ల పోయి, సూర్యలంకలో కాళ్లు తడుపుకొని రావడం. కోదాడ, సూర్యాపేట వాళ్లయితే విజయవాడ మీదుగా బందరు చేరి మంగినపూడిలో మునిగి వస్తారు. ఇక గోల్ఫ్ సంగతి చెప్పేదేముంది? హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఒక మైదానం ఉందని, అక్కడ పెద్ద పెద్ద అధికారులు, వ్యాపారులు ఆడతారని వినడమే. బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకొని రిటైరైన నాకు ఆ గేటు దాకా పోవలసిన పని ఎన్నడూ పడలేదు.

మా అమ్మాయికి స్కాట్లాండులోని డండీలో ఉద్యోగం దొరకడంతో లెక్క మారింది. గోల్ఫ్‌కు పుట్టిల్లని లోకమంతా చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్ అక్కడికి బస్సులో అరగంట పైచిలుకు.

ముందు డండీ గురించి ఒక మాట, ఎందుకంటే మిర్యాలగూడ వాడికి ఆ ఊరు పరాయిది కాదు. మా దగ్గర రైసు మిల్లు ఉన్న ప్రతి వీధిలో గోనె సంచుల వాసన ఉంటుంది. ఒకప్పుడు ఆ గోనెకు రాజధాని డండీ. బెంగాలు జనుము ఓడల్లో అక్కడికి పోయేది. తిమింగలాల నూనెతో నారను మెత్తబరిచి మిల్లుల్లో నేసేవాళ్లు. తర్వాత ఆ మిల్లులు హుగ్లీ ఒడ్డున లేచాయి. డండీలో మూతపడ్డ ఒక మిల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడి గోనె పట్టాను మా ఆవిడ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "మన బస్తా ఇంతకన్న గట్టిగుంటది" అని తేల్చేసింది. స్కాట్లాండువాళ్లు పోయిన చోటికల్లా తమ ఆటను మోసుకుపోయారు. కలకత్తాలో 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటన్ దీవులకు వెలుపల అన్నిటికన్నా పాతది.

బస్సు టే నది వంతెన దాటి, గోధుమ చేల మధ్యగా సెయింట్ ఆండ్రూస్ చేరింది. ఒక పక్క ఊరు, ఒక పక్క సముద్రం. మధ్యలో ఎగుడుదిగుడుగా, గుంటలు గుంటలుగా ఓ పచ్చిక బీడు. ఇదే 'ఓల్డ్ కోర్స్'. నా కళ్లు ప్రహరీ కోసం వెతికాయి. లేదు. గేటు లేదు, కాపలావాడు లేడు. పైగా అది ఆదివారం. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఆదివారాలు ఆ మైదానంలో ఆట ఉండదు, అది ఊరి పార్కు. కుక్కలను తిప్పేవాళ్లు, పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చిన తల్లులు, ఫోటోల కోసం చిన్న రాతి వంతెన మీద వరుస కట్టిన మాలాంటి పరాయి ఊరివాళ్లు. స్విల్కన్ వంతెన అంటారు దాన్ని. పట్టుమని పది అడుగులు వేస్తే దాటేస్తాం. గొప్ప ఆటగాళ్లంతా చివరిసారి ఆడినప్పుడు దాని మీద నిలబడి జనానికి చెయ్యి ఊపి పోతారట.

"ఇంత జాగల ఒక్క మడి గూడ కట్టలే" అంది మా ఆవిడ. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పుట్టి పెరిగిన మనిషి, అట్లా అనక ఎట్లా అంటుంది? అయితే అసలు కథంతా అందులోనే ఉంది. అక్కడ మడి కట్టలేరు. మంచుయుగం తర్వాత సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిపోయిన ఇసుక అది. గాలి దాన్ని దిబ్బలుగా పోసింది. పైన పలచటి మట్టి, అందులో సన్నగడ్డి, ముళ్ల పొదలు. నాగలికి పనికిరాని ఆ పట్టీని స్కాట్లాండువాళ్లు లింక్స్ అంటారు. నీళ్లు నిలవవు కనుక వాన కురిసిన కాసేపటికే నడవొచ్చు. గొర్రెలు, కుందేళ్లు కొరికి కొరికి గడ్డిని చాపలా పొట్టిగా ఉంచేవి. చలిగాలికి ఓర్వలేక గొర్రెలు గుట్టల చాటున గీరి పడుకున్న చోట ఇసుక తేలి గుంటలు పడ్డాయి. ఇవాళ కోట్లు ఖర్చుపెట్టి మైదానాల్లో తవ్వే బంకర్లకు ఆ గొర్రెల గుంటలే మూలమని అక్కడివాళ్లు చెబుతారు. ఓల్డ్ కోర్స్‌ను గీసిన ఇంజనీరు ఎవరూ లేరు. తర్వాతివాళ్లు దిద్దారు, అంతే.

దున్నడానికి పనికిరాదు కాబట్టే అది ఊరుమ్మడిగా మిగిలింది. మన దగ్గర బంచరాయి భూమి ఉన్నట్టే. పశువులు మేసేవి, జనం బట్టలు ఆరేసుకునేవాళ్లు, పనిలో పనిగా ఆడుకునేవాళ్లు. 19వ శతాబ్దపు ఆట నియమాల్లో ఒకటి నాకు భలే నచ్చింది: బంతి ఆరేసిన బట్టల మీద పడితే బట్టను కింద నుంచి లాగేయొచ్చు, ఉతికే తొట్టి అడ్డమైతే జరపొచ్చు. చాకిరేవును తీసేయకుండా ఆటే దానికి సర్దుకుపోయింది.

ఈ ఆట మీద 1457లో స్కాట్లాండు పార్లమెంటు నిషేధం పెట్టింది, కుర్రాళ్లు విలువిద్య మానేసి ఇందులో పడుతున్నారని. క్రికెట్టు పిచ్చి మీద మా హెడ్మాస్టరు పెట్టిన నోటీసు గుర్తొచ్చింది. 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్, ఈ నేల మీద ఆడుకునే హక్కు ఊరివాళ్లదేనని పత్రం రాసిచ్చాడు. బదులుగా తన కుందేళ్లు అక్కడ పెరగాలి. ఆ కుందేళ్లే తర్వాత కొంప ముంచాయి. ఊరు దివాలా తీసి 1797లో నేలను అమ్మేసింది. కొన్న వ్యాపారులు కుందేళ్ల పెంపకం మొదలుపెట్టారు. అవి నేలంతా తవ్విపోస్తుంటే ఆటగాళ్లు కోర్టుకెక్కారు, కొట్లాటలూ జరిగాయి. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని ఆటను బతికించాడు. చివరకు 1894లో ప్రత్యేక చట్టంతో ఊరే మళ్లీ సొంతం చేసుకుంది. 1974 నుంచి ఒక ట్రస్టు నడుపుతోంది. దాని కింద ఇప్పుడు ఏడు మైదానాలున్నాయి.

ఆట చూడడానికి మళ్లీ ఒక పనిదినం వెళ్లాం. సంగతి చాలా సులువు: కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి, నాలుగుంపావు అంగుళాల గుంటలో వెయ్యాలి. అలాంటివి పద్దెనిమిది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలిచినట్టు. ఆ పద్దెనిమిది లెక్క కూడా ఈ ఊరిదే. ఇక్కడి ఆట ఒకప్పుడు ఇరవై రెండు గుంటలు. 1764లో కొన్నిటిని కలిపి పద్దెనిమిది చేశారు, లోకమంతా అదే పట్టుకుంది. సముద్రం పక్కనే పోతూ చివర తిరిగి ఊళ్లోకి వస్తారు కనుక, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చాలా చోట్ల ఒకే విశాలమైన గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద కలుస్తారు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అది నడుమ కుంగిన నులక మంచంలా ఉంటుంది, బంతి ఎటు దొర్లుతుందో దొర్లేదాకా తెలియదు. బంకర్లు 112. పద్నాలుగో గుంట దారిలో ఉన్నదాని పేరు 'హెల్', నరకమన్నమాట. జాక్ నిక్లాస్ అంతటివాడు 1995 ఓపెన్ పోటీలో అందులోంచి బయటపడడానికి నాలుగు దెబ్బలు తిన్నాడు, అంటే కొట్టాడు.

వీటన్నిటికీ మించి గాలి. ఎండ కాస్తుండగానే సముద్రం మీంచి పొగమంచు వచ్చి కమ్మేస్తుంది. జూన్‌లో కోటు వేసుకొని నిలబడ్డాం. మొదటి, చివరి గుంటల దారికి అడ్డంగా ఊరివాళ్లు బీచికి పోయే రోడ్డు ఉంది. జనం దాటుతుంటే ఆటగాడు కర్ర దించి ఆగుతాడు. ఒక్కసారి ఆడడానికి సీజన్లో మూడు వందల పౌండ్లకు పైనే కట్టినవాడు, ఐస్‌క్రీం చీకుతూ పోయే పిల్లవాడి కోసం ఆగడం! ఊళ్లో నివాసం ఉన్నవాళ్లకు మాత్రం ఏడాది టికెట్టు చవక.

అలాగని అంతా సమానత్వమని మురిసిపోలేం. మైదానం ముందు దర్జాగా కనిపించే రాతి భవనం 1754లో మొదలైన రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బుది. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి అది ఒప్పుకున్నది 2014లో. ఆడవాళ్లు చెయ్యి భుజం పైకెత్తి కొడితే మర్యాద కాదనుకున్న రోజుల్లో, 1867లో వాళ్లు పక్కనే సొంత పుట్టింగ్ క్లబ్బు పెట్టుకున్నారు, బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే ఆట కోసం. ఆ మిట్టపల్లాల పచ్చిక పేరు 'హిమాలయాస్'. కొద్ది పౌండ్లకే కర్ర, బంతి ఇస్తారు. ఎవరైనా ఆడొచ్చు. మా ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకొని ఆడింది. అమ్మాయి మీద గెలిచింది కూడా.

ఊరు చిన్నది, చూడవలసింది మాత్రం చాలా. 1413 నాటి విశ్వవిద్యాలయం. దాని ముందు నేల మీద పరిచిన రాళ్లలో పాట్రిక్ హామిల్టన్ పేరు పొడి అక్షరాలున్నాయి. 1528లో మతద్రోహమని ఆయన్ను కాల్చేసిన చోటది. తొక్కితే పరీక్ష తప్పుతామని విద్యార్థులు తప్పుకొని నడుస్తారు. ఇవతల కూలిన కెథడ్రల్ గోడలు, సముద్రం కోస్తున్న కోట.

నన్ను నిలబెట్టేసింది మాత్రం సౌత్ స్ట్రీట్‌లో ఒక భవనం: మద్రాస్ కాలేజ్. స్కాట్లాండులో మద్రాసేమిటి? ఆండ్రూ బెల్ అని ఈ ఊరి మంగలి కొడుకు, 1753లో పుట్టాడు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బిడ్డల బడి నడిపాడు. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతి మొదలుపెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండులో వేల బడులకు పాకింది. ఆయన ఇచ్చిన డబ్బుతో ఇక్కడ ఈ బడి 1833లో తెరుచుకుంది. బడి ఇప్పుడు ఊరి అంచున కొత్త భవనానికి మారింది, పేరు మారలేదు. పలక కొనే స్తోమత లేని పిల్లలతో నేనూ ఇసుకలో ఓనమాలు దిద్దించినవాణ్ణే. మాకు ఊరు చూపిస్తున్న గైడు చెప్పడం ముగించాక, మిగిలినది నేను అందుకొని చెప్పాను. అతను నోట్సు రాసుకున్నాడు.