కొండకు పేరిచ్చిన తండా

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు పేరు వినినంతనే మనకు సినీనటుల మేడలును, స్టూడియోలును తలపునకు వచ్చును. ఆ ప్రక్కనే బంజారాహిల్సు కలదు. నిత్యము మన నోట మెదలు ఆ పేరు ఎవరిదని ప్రశ్నించుకొనువారు అరుదు. ఒకప్పుడు ఆ రాతిగుట్టలపై నివసించిన బంజారాలను బట్టి వచ్చిన పేరది. తెలుగునాట వారినే లంబాడీలనియు, సుగాలీలనియు పిలుచుచున్నాము. చలనచిత్రములలో అద్దాల రవికెలను, దంతపు గాజులను, వారి నృత్యమును చూచి యున్నాము. కాని ఆ దుస్తుల వెనుక నున్న సంఘపు కట్టుబాటు మనలో పెక్కుమందికి తెలియదు. నేడు దానిని కొంత పరిచయము చేసికొందము.

వారు తమను ‘గోర్’ అని చెప్పుకొందురు. తమవారు కానివారిని ‘కోర్’ అందురు. ఇంట మాటలాడునది గోర్‌బోలీ. ఇది తెలుగుతో పుట్టిన భాష కాదు. రాజస్థానీ, గుజరాతీ, సింధీల కుటుంబమునకు చెందినది. దీనికి స్వంత లిపి లేదు. తెలుగుదేశమున తెలుగు లిపిలోను, మహారాష్ట్రమున దేవనాగరిలోను వ్రాసికొనుచున్నారు.

పూర్వము వీరి వృత్తి ఎద్దులపై సరకు మోయుట. ధాన్యము, ఉప్పు పెరికెల కెత్తి, ఊరినుండి ఊరికిని, యుద్ధకాలమున మొగలుల సేనలకును, నిజాము సేనలకును చేరవేసిరి. ఈ వర్తకమునకు ‘లదేణి’ యని పేరు. ఆలుబిడ్డలతో, పశువులతో సాగిపోవు ఆ బిడారమే తండా. అనగా తండా యనునది మొదట ఒక స్థలము కాదు. కలిసి నడచు ఒక సంఘము. దారిలో దొంగల భయము, మేతకు, నీటికి తగవులు, బేరసారముల చిక్కులు తప్పవు. వీటి నన్నిటిని తీర్చుటకు ఒక పెద్ద కావలెను. ఆతడే నాయక్. ఆతనికి తోడుగా కార్భారీ యుండును. తగవు వచ్చినపుడు పెద్దలు కూర్చుండి ఇరువైపుల మాట విని, తప్పు చేసినవానికి జరిమానా విధింతురు. నాయకత్వము సాధారణముగా తండ్రినుండి కుమారునకు సంక్రమించును. పెక్కు తండాలకు నాయకుని పేరే పేరు.

పందొమ్మిదవ శతాబ్దమున రైళ్లు, రహదారులు వచ్చి ఎద్దుల వర్తకము నశించెను. బిడారము నిలిచిపోయెను; తండా ఒక ఊరాయెను. అయినను కట్టుబాటు చెదరలేదు. కారణ మేమి? అది నేలపై గాక రక్తసంబంధముపై నిలిచి యుండుటయే.

గోర్ సంఘమున ప్రధానమైన శాఖలు రాఠోడ్, పమార్, చౌహాన్, వడిత్యా. ఒక్కొక్క శాఖలో పెక్కు ఇంటిపేర్లు. భూక్యావారు రాఠోడ్‌లు, మూడ్, కొర్ర, పాల్త్యావారు చౌహాన్‌లు, బానోత్, అజ్మీరావారు వడిత్యాలు. ఒక శాఖవారందరు అన్నదమ్ముల వరుస. వారిలో వారికి పెండ్లి పొసగదు. మూడ్‌వారి వరునకు కొర్రవారి వధువు ఇంటిపేరు వేరైనను చెల్లెలే యగును. అందుచేత పిల్లను ఇతర శాఖనుండి తెచ్చుకొనవలెను. ఈ నియమమే దూరదూరపు తండాలను వియ్యముతో ముడివేసినది. కొత్తవాడు ఇంటిపేరు చెప్పినంతనే ఆతడు తమకు సోదరుడో, వియ్యమందదగినవాడో పెద్దలు గ్రహింతురు.

చట్టము మాత్రము ఈ అన్నదమ్ములను వేరువేరుగా చూచినది. ఆంధ్ర ప్రాంతమున ముందే షెడ్యూల్డు తెగయైన లంబాడీలు, తెలంగాణమున 1976 నాటి చట్టముతో ఆ జాబితాలో చేరిరి. కర్ణాటకమున వారు షెడ్యూల్డు కులము. మహారాష్ట్రమున విముక్త జాతి. జనాభా లెక్కలలో వారి భాషను హిందీ క్రింద చేర్చినారు. ఒకే శాఖ, ఒకే మాట. సరిహద్దు దాటినచో హక్కు మారును.

2018 నాటి తెలంగాణ పంచాయతీ చట్టముతో వేయికి పైగా తండాలు గ్రామపంచాయతీలైనవి. ‘మా తండాలో మా రాజ్యము’ అను చిరకాల వాంఛ ఆ విధముగా నెరవేరినది. పుట్టుకతో వచ్చిన నాయక్ ప్రక్కన ఓటుతో వచ్చిన సర్పంచి నిలిచినాడు. ఆ పీఠముపై స్త్రీయు కూర్చుండగలదు. పాత పెద్దరికము తగ్గునేమో. అది విచారింపదగినది కాదు. కాని నాయక్ పంచాయితీలో తగవు గోర్‌బోలీలో నడచెడిది, పంచాయతీ కాగితము తెలుగులో నడచును. బడికి పోవు బిడ్డ ఇంటి మాట మరచినచో శాఖల వరుసలు, పెద్దల పాటలు చెప్పువా రెవరు? లిపిలేని భాషకు నోరే గ్రంథాలయము.

2022 సెప్టెంబరు 17వ తేదీన బంజారాహిల్సులోనే సంత్ సేవాలాల్ బంజారా భవనము ప్రారంభమైనది. పేరిచ్చిన కొండపై ఆ జాతికి ఒక కప్పు ఏర్పడుట సంతోషకరము. ఇక ఆ పేరు పలికినప్పుడెల్ల, మేడలతోపాటు, ఎద్దుల గంటల సవ్వడితో కదలిపోయిన ఆ సంఘమును కూడ స్మరించుట మన విధి.