ఆకురాయి పట్టడం వచ్చు, పట్టించడం?

సుల్తానాబాద్‌లో రైసుమిల్లు ఆగిపోతే ముందు ఫోను వెళ్లేది మోటారు మెకానిక్కుకే. బేరింగు పోయిందా, వైండింగు కాలిందా అన్నది చేయితిరిగిన మెకానిక్కు చప్పుడు విని చెప్పేస్తాడు. అలాంటివాళ్లలో చాలామంది షెడ్డులో పానాలు అందిస్తూ, తిట్లు తింటూ పని పట్టుకున్నవాళ్లే. నేర్చుకోవడానికి ఇన్నేళ్లని గడువేమీ లేదు. అదే పనిని గంట కొట్టేలోగా ఒక తరగతి మొత్తానికి నేర్పమంటే కథ వేరు. ఆ సంగతి మొదట తెలిసొచ్చేది ప్రాక్టీసు టీచింగుకు వచ్చిన ట్రైనీకి.

ఫిట్టర్ ట్రేడే తీసుకోండి. ఐటీఐలో ఒక యూనిట్‌కు 20 మంది. మొదటి పాఠాల్లో ఒకటి ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేయడం. వైస్ దవడలు మోచేతి ఎత్తులో ఉండాలి. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి తెచ్చేటప్పుడు వదిలేయాలి. కొత్తవాడి చేతిలో ఆకురాయి ఉయ్యాలూగుతుంది, ముక్క నడుమ ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి చూస్తే లోపం బయటపడుతుంది. ట్రైనీకి ఇవన్నీ చేతికి తెలుసు, నోటికి తెలియవు. రెండు నిమిషాల్లో చదును చేసి చూపిస్తాడు. పిల్లలు మెచ్చుకుంటారే తప్ప నేర్చుకోరు. పైగా ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు అతని కుడిచేయి తమ ఎడమవైపు కనిపిస్తుంది. వాళ్లను పక్కకు పిలిచి, నెమ్మదిగా, మెట్టుమెట్టుగా విడదీసి చేసి చూపాలి. ఆ వేగం తగ్గించుకోవడమే అన్నిటికన్నా కష్టం.

దీనికో పద్ధతి ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఓడల కార్ఖానాలకు పనివాళ్లను తొందరగా తయారు చేయాల్సి వచ్చింది. అక్కడ శిక్షణ చూసిన చార్లెస్ అలెన్ 1919లో రాసిన పుస్తకంలో నాలుగు అంచెలు చెప్పాడు: సిద్ధం చేయడం, చూపడం, చేయించడం, పరీక్షించడం. మన ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల పాఠ్యప్రణాళికలకు నేటికీ ఇదే చట్రం. హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ లాంటి చోట్ల ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఏడాదిపాటు నడిచే సీఐటీఎస్ కోర్సులో ట్రేడు ఒక ఎత్తు, బోధన మరో ఎత్తు.

బడుల సంగతికొస్తే అంత ఏర్పాటు లేదు. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. అందులో ఇంటర్న్‌షిప్ 20 వారాలు, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. తెలుగుకు, గణితానికి, సైన్సుకు, సాంఘికానికి మెథడ్లున్నాయి. వడ్రంగానికో, కరెంటు పనికో లేదు. మార్కుల పట్టికలో ‘పని, కంప్యూటర్ విద్య’ అనే గడి మాత్రం ఉంటుంది. తరచుగా ఆ పీరియడ్ ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లది. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారుది.

ఇలా ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఫిన్లండ్ 1866లోనే, ఊనో సిగ్నేయస్ చొరవతో, బడిలో చేతిపనిని తప్పనిసరి చేసింది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ నేస్ అనే చోట అచ్చంగా ఆ టీచర్ల కోసమే శిక్షణాలయం నడిపాడు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువును అల్లాలన్నారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యక్రమం రాసింది. కాగితం బాగానే ఉంది. పనీ పాఠమూ రెండూ వచ్చిన గురువులను సరిపడా తయారు చేసుకోలేకపోయామన్నదే అసలు లోటు.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర గడిపే వీలు కల్పించమంటోంది. సుల్తానాబాద్‌లో పాఠశాల గోడ దాటితే చాలు, మిల్లులున్నాయి. అయితే తిరిగే బెల్టు దగ్గర పిల్లలను ఎంత దూరంలో నిలబెట్టాలో, ఏ ప్రశ్న అడిగించాలో తేల్చాల్సింది మిల్లు మేస్త్రీ కాదు, వెంట వెళ్లిన టీచరు. ఇంటర్న్‌షిప్ 16 వారాల్లో అలాంటి ఒక్క రోజుకైనా లెసన్ ప్లాన్ రాయిస్తే కొత్త టీచరుకు అది తొలి వర్క్‌షాపు పాఠమవుతుంది. దానికి కొత్త మెథడ్ పేపరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కాలేజీలో గైడు సారు, బడిలో హెడ్మాస్టరు ఒప్పుకుంటే చాలు.