భద్రాచలం: జనాభాలో పట్టణం, చట్టంలో గ్రామం

గోదావరి ఎడమ గట్టున వెలసిన భద్రాచలం శ్రీ సీతారామచంద్రస్వామి వారి దివ్యక్షేత్రంగా దేశమంతటా ప్రసిద్ధి గాంచినది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 50 వేల మంది నివసిస్తున్నారు. ఆ లెక్కలలో దీనిని పట్టణంగానే పరిగణించారు. అయినప్పటికీ భద్రాచలం నేటికీ గ్రామ పంచాయతీయే. ఈ విశేష పరిస్థితికి మూలాలు ఈ ప్రాంత భౌగోళిక స్వరూపంలోను, చరిత్రలోను, రాజ్యాంగ నిబంధనలలోను ఉన్నవి.

నదీ స్వరూపం

నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం వద్ద జన్మించిన గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి నదులను కలుపుకొని నిండుగా భద్రాచలం చేరుతుంది. ఇక్కడికి దిగువన కూనవరం వద్ద శబరి నది కలుస్తుంది. ఆపైన పాపికొండల నడుమ నదీ గర్భం ఇరుకుగా మారుతుంది. శబరి కూడా పొంగి ప్రవహించే వేళ గోదావరి నీరు వేగంగా దిగువకు పోలేక వెనుకకు ఎగదన్నుతుంది. అందువలన ఎగువన వర్షాలు తగ్గుముఖం పట్టినప్పటికీ భద్రాచలం వద్ద వరద ఒక్కొక్కప్పుడు ఆలస్యంగా తగ్గుతుంది.

ఎల్లలు మారిన సీమ

పదిహేడవ శతాబ్దిలో గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉన్న కంచర్ల గోపన్న ఇక్కడి ఆలయ నిర్మాణం గావించి, రామదాసుగా చరిత్రకెక్కారు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వ పక్షాన ముత్యాల తలంబ్రాలు, పట్టు వస్త్రాలు సమర్పించే సంప్రదాయం ఆనాటిదేనని ప్రతీతి.

1860లో నిజాం ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి అప్పగించింది. తొలుత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్న భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. నదికి ఆవలి గట్టు మాత్రం హైదరాబాదు సంస్థానంలోనే ఉండిపోయినది. ఈ విధంగా గోదావరి దీర్ఘకాలం రెండు పాలనలకు ఎల్లగా నిలిచినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆ ఎల్ల తొలగినది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మారినది. 1965లో వంతెన ప్రారంభం కావడంతో ఇరుగట్టులకు రహదారి బంధం ఏర్పడినది.

2014 రాష్ట్ర విభజన సందర్భంగా ఎల్ల మరల వచ్చినది. ఈసారి అది నది మీద గాక నేల మీద ఏర్పడినది. పోలవరం ప్రాజెక్టు దృష్ట్యా భద్రాచలం మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేర్చుతూ, భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు. చుట్టుపక్కల ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు పొరుగు రాష్ట్రంలోనికి వెళ్లినవి. దేవస్థానం భూములు కొన్ని సరిహద్దుకు ఆవల ఉన్నవి. దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేవారు పొరుగు రాష్ట్ర గ్రామాల మీదుగా ప్రయాణించవలసి వచ్చుచున్నది. పట్టణ విస్తరణకు, చెత్త నిల్వ కేంద్రానికి స్థలం దొరకడం కష్టసాధ్యమైనది. సమీప గ్రామాలను తిరిగి తెలంగాణలో కలపాలన్న విజ్ఞప్తులకు నేపథ్యమిదే. 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భద్రాచలం అంతర్భాగమైనది.

పంచాయతీగానే ఎందుకు?

భద్రాచలం రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు వర్తించే ప్రాంతంలో ఉన్నది. రాజ్యాంగంలోని 243 జెడ్‌సి అధికరణ ప్రకారం, పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయనిదే పురపాలక సంఘాలకు సంబంధించిన భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదు. పంచాయతీల విషయంలో అట్టి చట్టం 1996లో వచ్చినది. దానినే పెసా చట్టమని వ్యవహరిస్తున్నాము. పురపాలక సంఘాలకై 2001లో బిల్లు ప్రవేశపెట్టినప్పటికీ అది చట్టరూపం దాల్చలేదు. ఇదే జిల్లాలోని పాల్వంచ, మణుగూరు పురపాలక సంఘాలలో న్యాయపరమైన చిక్కుల వలన ఎన్నికలు జరగక దీర్ఘకాలం అధికారుల పాలనే సాగినది.

పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంత పంచాయతీలలో అధ్యక్ష పదవులన్నీ షెడ్యూల్డు తెగల వారికే కేటాయించబడినవి. సభ్యస్థానాలలోను సగానికి తగ్గకుండా వారికి ఉండాలి. భూ బదలాయింపు నిబంధనలు సైతం ఇక్కడ అమలులో ఉన్నవి. 1970 నాటి సవరణ ప్రకారం గిరిజనేతరుల మధ్య కూడా భూమి క్రయవిక్రయాలు చెల్లవు. పట్టణ హోదా వలన నిధులు, సిబ్బంది పెరుగుతాయన్నది ఒక వాదన. గిరిజనులకు రాజ్యాంగం కల్పించిన రక్షణలు సడలరాదన్నది మరొక వాదన. ఈ రెండింటి నడుమ 2022 డిసెంబరులో భద్రాచలాన్ని మూడు పంచాయతీలుగా విభజిస్తూ ఉత్తర్వులు వెలువడినవి. అయితే చివరకు అది ఒకే పంచాయతీగా కొనసాగినది.

వరద వేళ

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరినపుడు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టు 16న నమోదైన 75.6 అడుగులు ఇప్పటివరకు అత్యధికం. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు నమోదైనవి. 2022లో వంతెనపై రాకపోకలు నిలిపివేయవలసి వచ్చినది.

నదికీ పట్టణానికీ నడుమ కరకట్ట రక్షణగా ఉన్నది. నది పొంగినపుడు కట్టలోని తూములను మూసివేస్తారు. అప్పుడు పట్టణంలో కురిసిన వాన నీరు బయటకు పోయే మార్గం ఉండదు. మోటార్లతో దానిని నదిలోనికి ఎత్తిపోయవలసి ఉంటుంది. కావున నది కట్ట దాటకపోయినా లోతట్టు కాలనీలు నీట మునిగే అవకాశమున్నది. హెచ్చరికలో చెప్పే అడుగులు నది కొలబద్ద వద్ద మట్టమే గాని వీధులలో నీటి లోతు కాదని పాత్రికేయ మిత్రులు ప్రజలకు విశదపరచడం వలన అనవసర భయాందోళనలు తొలగుతాయి.

పునరావాస శిబిరాలు, పారిశుధ్యం, తాగునీటి సరఫరా వంటి పనులలో రెవెన్యూ, నీటిపారుదల, విద్యుత్, వైద్యశాఖలతో పాటు గ్రామ పంచాయతీ పాత్ర కీలకమైనది. పట్టణమంత భారాన్ని పంచాయతీ పరిధిలో మోస్తున్న ఈ వ్యవస్థకు శాఖల సమన్వయమే ప్రధాన బలం. సరిహద్దు గ్రామాల ప్రజలు ఆపదలో ముందుగా చేరుకునేది భద్రాచలమే గనుక, వరద రోజులలో ఆ సమన్వయం రాష్ట్ర ఎల్లను దాటి సాగడం అత్యావశ్యకం.