సెప్టెంబర్ 15 కాదు... ఫిబ్రవరి 6!

తొలి తెలుగు టాకీ ఏదని నిద్రలో లేపి అడిగినా 'భక్త ప్రహ్లాద' అంటారు మీరు. శభాష్! మరి ఎప్పుడు విడుదలయింది? '1931 సెప్టెంబర్ 15' అని ఠక్కున చెప్పేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది!

మా హుజూర్‌నగర్‌లో సినిమా కబుర్లంటే చెవి కోసుకునే కుర్రకారుకు కొదవ లేదు. ఈమధ్య టీ బండి దగ్గర ఇద్దరు డిగ్రీ విద్యార్థులు నన్ను పట్టుకున్నారు. అందులో ఒకడు ఏదో క్విజ్ పోటీలో 1932 అని రాశాడట. తప్పని కొట్టేశారు. ఒక్క మార్కుతో బహుమతి జారిపోయింది పాపం.

"అన్నా, నువ్వు పేపర్లకు రాస్తవు గదా, ఈ పంచాయితీ తెంపు!" అన్నాడు.

"పుస్తకాలల్ల 1931 అనే ఉన్నది. నువ్వొక్కనివే మొనగానివారా?" అని రెండోవాడి ఎకసెక్కం.

తెంపాను. మార్కు పోయినవాడిదే ఒప్పు!

సినీ పాత్రికేయులు రెంటాల జయదేవ పాత కాగితాలన్నీ తవ్వి తేల్చిన సంగతి ఇది. బొంబాయిలో తయారైన 'భక్త ప్రహ్లాద'కు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది 1932 జనవరి 22న. పదిహేను రోజులకు, అంటే ఫిబ్రవరి 6న, అక్కడి కృష్ణా సినిమా థియేటర్లో తొలిసారి బొమ్మ పడింది. సెన్సార్ కాని చిత్రాన్ని జనానికి ప్రదర్శించకూడదన్న చట్టం 1918లోనే వచ్చింది. అలాంటప్పుడు సర్టిఫికెట్‌కు నాలుగు నెలల ముందే ఎలా విడుదలవుతుంది చెప్పండి? అయినా ఒకరిని చూసి ఒకరు ఆ పాత తేదీనే ఎత్తి రాసుకుంటూ పోయారు. ఇన్నేళ్లూ సర్టిఫికెట్ తేదీ చూద్దామని ఎవరికీ తోచకపోవడమే నాకు వింత!

ఈ లెక్క కొందరు అభిమానులకు రుచించదు. ఎందుకంటే, తొలి తమిళ టాకీగా పేరుపడ్డ 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న విడుదలయింది. పాత తేదీ ప్రకారం మనం ముందు. అసలు తేదీ ప్రకారం మూడు నెలలు వెనక! నొచ్చుకోకండి. ఆ 'కాళిదాస్'లో తెలుగు మాటలూ వినిపించాయి. రెండు చిత్రాలకూ దర్శకుడు మన హెచ్.ఎం.రెడ్డిగారే!

ఇక ఇది వినండి. 1931 మార్చి 14న విడుదలయిన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా', ఆ తర్వాత 'కాళిదాస్', ఆపైన 'భక్త ప్రహ్లాద'... ఈ మూడింటిలోనూ ఒకే తెలుగు కుర్రాడు నటించాడు! కోతలు అనుకుంటున్నారా? అక్షరాలా నిజం. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి చేరి, చిన్నాచితకా వేషాలు వేసిన ఆ కుర్రాడే ఎల్.వి.ప్రసాద్. 1982 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్న ప్రసాద్‌గారు! క్విజ్ పెట్టేవారు ఈ ప్రశ్న ఎందుకు అడగరో మరి.

ఇంతకీ 'భక్త ప్రహ్లాద' చూద్దామంటే ప్రింటు లేదు. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి ఎలా చేశారో మనకిక తెలిసే దారి లేదు. మిగిలినవల్లా ప్రకటనలు, సెన్సార్ కాగితాలు... వాటి మీదున్న తేదీలు.